యెస్ బెస్ట్ ఆల్బమ్ ఏది? ఆల్బమ్‌లు కాదు, సైడ్లు లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. జోజో అనే జపాన్ యానిమేలో ఎపిసోడ్ చివర వచ్చే 'రౌండబౌట్' పాటతో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యెస్ మీకు పరిచయమైంది. ఆ పాట ఉన్న 'ఫ్రాజైల్' ఆల్బమ్ మొత్తం విన్నారు, నచ్చింది. తర్వాత ఏది వినాలా అని వెతికితే అభిమానులు జుట్టూ జుట్టూ పట్టుకుని కనిపించారు. ఒకాయన 'క్లోజ్ టు ది ఎడ్జ్' తర్వాత ఇక సంగీతమే లేదంటాడు. ఇంకొకాయన 'రిలేయర్' విననివాడు యెస్ విననట్టే అంటాడు. 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' పేరెత్తితే సగం మంది దండం పెడతారు, సగం మంది తిట్టిపోస్తారు. '90125' అసలు యెస్సే కాదని మరో వర్గం. వీళ్లు ఎందుకు కొట్టుకుంటున్నారు, ఎవరి మాట నమ్మాలి, ఏ వరసలో, ఏ ఎడిషన్ వినాలి అన్నది మీ ప్రశ్న.

ఈ గొడవలో నేను 1987 నుంచీ ఉన్నాను. అప్పుడు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. క్లాస్‌మేట్ వాళ్ల అన్నయ్య అమెరికా నుంచి వస్తూ నాలుగు ఎల్పీలు, అంటే రెండు పక్కలా పాటలుండే పెద్ద రికార్డులు, తెచ్చాడు. గడప దాటనిచ్చేవాడు కాదు వాటిని. నెల రోజులు బతిమాలితే ఒక్కటి ఇచ్చాడు, 'క్లోజ్ టు ది ఎడ్జ్'. దాన్ని పాత చీరలో చుట్టి రికార్డింగ్ సెంటర్‌కి పట్టుకెళ్లాను. నా జేబులో ఉన్న డబ్బుకి 60 నిమిషాల క్యాసెట్టే వచ్చింది. అంటే ఒక్కో పక్క అరగంట. ఆల్బమ్‌లో ఉన్నవి మూడే పాటలు. మొదటి రెండూ కలిపి 29 నిమిషాలు, ఏ సైడులో అచ్చంగా సరిపోయాయి. మూడోది 'సైబీరియన్ ఖత్రూ' బీ సైడుకి పోయింది. తొమ్మిది నిమిషాల్లో అదీ అయిపోయింది. మిగతా టేపు ఖాళీగా పోతుందని జాలిపడి షాపతను దాన్ని ఇళయరాజా పాటలతో నింపేశాడు. మా హాస్టల్లో ఆ పాటని ఎవరూ ఖత్రూ అనలేదు, ఖత్రా అనేవాళ్లు. మరి హైదరాబాద్ కదా.

చాలా ఏళ్ల తర్వాత, అమెరికాలో ఉద్యోగం చేస్తున్నప్పుడు, ఆ ఆల్బమ్‌ని మొదటిసారి ఎల్పీ మీద విన్నాను. మొదటి పాట అయిపోయింది. మళ్లీ ఏటి నీళ్ల చప్పుడు, పిట్టల కూతలు, తర్వాత ముల్లు గరగర. అంతే. లేచి వెళ్లి రికార్డు తిప్పాలి. నా క్యాసెట్లో ఆ పాట ముగిసిన రెండు సెకన్లకే తర్వాతి పాట మొదలయ్యేది. ఇక్కడ మాత్రం ఆ 18 నిమిషాల తర్వాత ఏమీ లేదు. కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. ఇన్నేళ్లూ పాట విన్నాను గానీ, దాని ఆకారం చూడలేదని అప్పుడు అర్థమైంది.

అందుకే నా జవాబు కొంచెం అడ్డంగా ఉంటుంది. యెస్ వాళ్ల మంచి రోజుల్లో, అంటే 1971 నుంచి 1977 దాకా, వాళ్లు కూర్చి కట్టింది ఆల్బమ్‌లని కాదు, ఎల్పీ సైడ్లని. ఎల్పీ మీద ఒక పక్క ఇరవై ఇరవై రెండు నిమిషాలకు మించి ఎక్కిస్తే ముల్లు తిరిగే గాడులు మరీ దగ్గరైపోతాయి, శబ్దం చిన్నదైపోతుంది, బేస్ పలచబడుతుంది. మిగతా బ్యాండ్లు ఆ ఇరవై నిమిషాల్లో నాలుగైదు పాటలు సర్దుకునేవి. వీళ్లు ఆ ఇరవై నిమిషాలనే ఒక పాట కొలతగా తీసుకున్నారు. అభిమానుల గొడవల్లో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోతుంది. 'రిలేయర్ గొప్పది' అనేవాడి మనసులో ఉన్నది దాని మొదటి సైడు. 'టేల్స్ చెత్త' అనేవాడిని అడగండి, రెండో సైడు మధ్యలో ఆపేసి ఉంటాడు.

మీరు విన్న 'ఫ్రాజైల్' దగ్గరే మొదలుపెడతాను. 1971 చివర్లో వచ్చింది. అప్పుడే కీబోర్డు వాయించే టోనీ కే వెళ్లిపోయి రిక్ వేక్‌మన్ వచ్చాడు. కే గారికి హామండ్ ఆర్గన్ చాలు, మెలోట్రాన్ (టేపుల మీది శబ్దాలు పలికించే కీబోర్డు), సింథసైజర్ల మీద ఆసక్తి లేదు. వేక్‌మన్‌కి చుట్టూ ఎన్ని కీబోర్డులుంటే అంత సంతోషం. టైమ్ తక్కువ, కొత్త కీబోర్డుల ఖర్చు ఎక్కువ. అందుకని ఆల్బమ్‌లో బ్యాండ్ అంతా కలిసి చేసినవి నాలుగే, మిగతా ఐదూ ఒక్కొక్కరి సొంత ముక్కలు. వేక్‌మన్‌కి వేరే రికార్డు కంపెనీతో ఒప్పందం ఉండటంతో సొంతంగా రాసుకునే వీలు లేక, బ్రామ్స్ నాలుగో సింఫనీలోంచి ఒక భాగాన్ని కీబోర్డుల మీద వాయించేశాడు. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ ముక్క అయితే 35 సెకన్లే. మీరు విని 'ఇదేంటి, ఇంతేనా' అనుకుని ఉంటారు. అందరం అనుకున్నాం.

'రౌండబౌట్' మొదట్లో ఒక శబ్దం ఉబ్బుకుంటూ వచ్చి టక్కున ఆగుతుంది చూడండి, అది వెనక్కి తిప్పిన పియానో. అది ఆగిన చోటే స్టీవ్ హౌ గిటార్ తీగని తాకీ తాకనట్టు తాకుతాడు. యానిమేలో ప్రతి ఎపిసోడ్ ఈ రెండింటి మీదే ముగిసేది, మీమ్ కూడా వీటి మీదే నడిచింది. స్కాట్లండ్‌లో అబర్డీన్ నుంచి గ్లాస్గోకి వ్యాన్‌లో వస్తుంటే దారి పొడవునా తగిలిన ట్రాఫిక్ సర్కిళ్లే ఆ పాట పేరు. కానీ నా లెక్కలో 'ఫ్రాజైల్' బలమంతా రెండో సైడు చివర్లో ఉంది, 'హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్'. మొదటి అర నిమిషం అందరూ కలిసి మీద పడతారు. తర్వాత అందరూ తప్పుకుంటారు, క్రిస్ స్క్వయర్ బేస్ ఒక్కటే మిగులుతుంది. ఎవరో వరండాలో ఆలోచించుకుంటూ పచార్లు చేస్తున్నట్టుంటుంది. వెనక డ్రమ్స్ ఎప్పుడు చేరాయో మీకు తెలియదు. ఇంకోసారి వినండి, ఈసారి బేస్‌నే పట్టుకోండి.

ఇక్కడ చిన్న మాట. ఫోన్ స్పీకర్లో యెస్ వినకండి. స్క్వయర్ రికెన్‌బాకర్ బేస్ గిటార్‌ని ప్లెక్ట్రమ్‌తో (తీగలు మీటే బిళ్లతో) కొట్టి వాయించేవాడు. కిందుండాల్సిన బేస్ ముందుకొచ్చి పాట పాడుతుంది. ఫోన్ స్పీకర్లో అదే ఎగిరిపోతుంది, ఇక మిగిలేది సన్నటి గొంతూ చిలక్కొట్టుడు గిటారూ. "నాకు యెస్ ఎక్కలేదు" అన్న ముగ్గురికి నేను మంచి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించాను. ఇద్దరు మారారు. మూడోవాడు ఇప్పటికీ డీప్ పర్పులే. 2004లో 35 ఏళ్ల టూర్‌లో వాళ్లని చూసినప్పుడు ముందు నాకు అర్థమైంది కూడా బేసే. చేతిలో ఉన్న గ్లాసులో ఐసు ముక్కలు కదిలాయి.

'ఫ్రాజైల్'కి ముందు 1971 మొదట్లో వచ్చిన 'ది యెస్ ఆల్బమ్' ఉంది. కొత్తవాళ్లకి నేను ఎక్కువగా ఇచ్చేది ఇదే. హౌ చేరిన మొదటి ఆల్బమ్. అంతకు ముందు రెండు ఆల్బమ్‌లలో వాళ్లు మంచి హార్మొనీలు పాడే ఇంకో లండన్ బ్యాండ్, అంతే. ఇందులో రెండో సైడు చివర 'పర్పెచువల్ చేంజ్' మధ్యలో ఒక తమాషా ఉంది. బ్యాండ్ ఒక లెక్కలో వాయిస్తూ ఉంటుంది, అదే బ్యాండ్ రెండో చెవిలో ఇంకో లెక్కలో వచ్చి చేరుతుంది. కాసేపు ఎడమ చెవికీ కుడి చెవికీ పొంతన ఉండదు. మృదంగం, ఘటం రెండు లెక్కల్లో పోటీపడి చివరికి సమం మీద కలిసేది విన్నవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు.

సరే, అసలు గొడవ 'క్లోజ్ టు ది ఎడ్జ్', 1972 సెప్టెంబర్. నా ఓటు దీనికే. మూడు దశాబ్దాల్లో రెండుసార్లు మాట మార్చి మళ్లీ ఇక్కడికే వచ్చాను.

ఎడ్జ్ అంటే కొండ అంచు అనుకునేవాణ్ని నేను, పడిపోబోతున్నవాడి పాట అని. కాదు. అది ఏటి ఒడ్డు. హెర్మన్ హెస్సె రాసిన 'సిద్ధార్థ' నవల చదివిన ప్రభావం అని గాయకుడు జాన్ ఆండర్సన్ చెప్పాడు. అందులో సిద్ధార్థుడు చివరికి నది దగ్గర చేరి నది చెప్పేది వింటాడు. అందుకే పాట ఏటి చప్పుడుతో మొదలై ఏటి చప్పుడుతోనే అయిపోతుంది. ఈ ఒక్కటి తెలిస్తే చాలు. మిగతా సాహిత్యంలో అర్థం వెతక్కండి. ఆండర్సన్ మాటల్ని ధ్వని కోసం ఏరుకుంటాడు, స్వరాలకి అక్షరాలు తొడిగినట్టు. పదం పదం విడగొట్టి భాష్యం రాసేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు ఓపిక లేదు.

మొదటి నిమిషం పిట్టలు, నీళ్లు. తర్వాత ఒక్కసారిగా సంతలో తొక్కిసలాట. గిటార్ ఒక దారి, బేస్ ఒక దారి, డ్రమ్స్ వేరే లెక్క. మధ్యలో ఉన్నట్టుండి అందరూ ఆగి గొంతులు ఒక్క 'ఆ' అంటాయి, మళ్లీ తొక్కిసలాట. మొదటిసారి వినేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఆపకండి, మూడు నిమిషాల్లో పాట వస్తుంది. ఎనిమిదో నిమిషం దాటాక అంతా సద్దుమణుగుతుంది. గుహలో నీటి బొట్లు పడుతున్నట్టు కీబోర్డు, దాని మీద ఆండర్సన్ గొంతు ఒక వరస పాడుతుంటే స్క్వయర్, హౌ కింద వేరే వరస పాడతారు. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవు, కానీ అతుకుతాయి. దాని చివర చర్చి ఆర్గన్ వస్తుంది. సింథసైజర్ కాదు, లండన్‌లో సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో ఉన్న నిజమైన పైపుల ఆర్గన్, వేక్‌మన్ అక్కడికి వెళ్లి వాయించాడు. అప్పటిదాకా మీరు ఒక గదిలో ఉన్నారు, హఠాత్తుగా పైకప్పు లేచిపోతుంది. అది ఇంకా మోగుతుండగానే మూగ్ సింథసైజర్ దాన్ని కోసుకుంటూ వస్తుంది, తర్వాత హామండ్ మీద ఒక సోలో, తర్వాత మొదట విన్న పల్లవే ఇంకో ఎత్తులో. అప్పుడు తెలుస్తుంది ఆ తొక్కిసలాట ఎందుకు పెట్టారో.

ఇదంతా ఒక్క ఊపున వాయించింది కాదు. అడ్విజన్ స్టూడియోలో, ఇంజనీర్ ఎడ్డీ ఆఫర్డ్‌తో కలిసి, కొద్దికొద్దిగా రికార్డు చేసి టేపు ముక్కల్ని కోసి అతికించారు. రాత్రిళ్లు ప్రతి చిన్నదానికీ వాదించుకునేవాళ్లు. బ్రూఫర్డ్‌కి ఇది చాలనిపించింది. ఈ బ్యాండ్‌తో ఇంతకన్నా బాగా చేయలేననుకుని, రికార్డింగ్ అవ్వగానే కింగ్ క్రిమ్‌సన్ అనే ఇంకో బ్యాండ్‌కి వెళ్లిపోయాడు. బ్యాండ్ పైకి ఎక్కుతున్న సమయంలో డబ్బు వదులుకుని వెళ్లిన డ్రమ్మర్‌ని చూసి అప్పట్లో అందరూ పిచ్చోడన్నారు. నాకు మాత్రం ఆ ఆల్బమ్ మీద అంతకన్నా గట్టి రివ్యూ దొరకలేదు. అతని చోట్లోకి వచ్చిన ఆలన్ వైట్, జాన్ లెనన్‌తో వాయించినవాడు, కొద్ది రోజుల్లోనే పాటలన్నీ నేర్చుకుని అమెరికా టూర్‌కి ఎక్కాడు.

రెండో సైడులో 'అండ్ యూ అండ్ ఐ' మొదట్లో ఎవరో 'ఓకే' అనడం వినిపిస్తుంది. తీసేయలేదు దాన్ని. అంత కోసి అతికించిన ఆల్బమ్‌లో ఆ మాటొక్కటీ ఎందుకు ఉంచారో గానీ, అదంటే నాకు ప్రాణం.

ఇక 'టేల్స్'. 1973 డిసెంబర్. రెండు ఎల్పీలు, నాలుగు సైడ్లు, నాలుగే పాటలు, మొత్తం 81 నిమిషాలు. తెలుగువాళ్లం మనం దీన్ని మిగతావాళ్లకన్నా కొంచెం దగ్గరనుంచి చూడగలం. బ్రూఫర్డ్ పెళ్లిలో కింగ్ క్రిమ్‌సన్ వాద్యగాడు జేమీ మ్యూర్ ఆండర్సన్‌కి ఒక పుస్తకం చదవమని చెప్పాడు, పరమహంస యోగానంద ఆత్మకథ. మన ఇళ్లల్లో 'ఒక యోగి ఆత్మకథ'గా ఉండే పుస్తకమే. టోక్యోలో టూర్‌లో ఉండగా దాన్ని చదువుతూ ఆండర్సన్ ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగాడు. శాస్త్రాలు నాలుగు రకాలు: శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని ఉంది అక్కడ. నాలుగు శాస్త్రాలు, నాలుగు సైడ్లు. ఆ ఒక్క ఫుట్‌నోట్ మీద ఆల్బమ్ అంతా లేచింది. రెండో సైడు పేరు 'ది రిమెంబరింగ్' అని చూడగానే మనకి నవ్వొస్తుంది, స్మృతి అన్న మాటకి నేరుగా అదే అర్థం కదా.

భావం బాగానే ఉంది. తంటా సైడ్ల దగ్గర వచ్చింది. వేక్‌మన్ తర్వాత చాలాసార్లు చెప్పిన మాట: ఒక ఎల్పీకి ఎక్కువైంది, రెండు ఎల్పీలకి తక్కువైంది, సీడీలుంటే యాభై నిమిషాలకి కుదించేవాళ్లం, లేవు కాబట్టి సాగదీశాం. అతనికి వాయించడానికి పెద్దగా ఏమీ లేక, మాంచెస్టర్‌లో ఫ్రీ ట్రేడ్ హాల్‌లో ఆల్బమ్ అంతా స్టేజీ మీద వాయిస్తున్నప్పుడు కర్రీ, అప్పడాలు తెప్పించుకుని కీబోర్డుల మధ్య కూర్చుని తిన్నాడు. ఇది అతను స్వయంగా చెప్పే కథ, ఒక్కోసారి మెనూ పెరుగుతుంటుంది. శ్రుతి స్మృతి పురాణాల మీద ఆల్బమ్ చేస్తే దాని మీద నిరసన కూడా ఇండియన్ భోజనంతోనే. 1974లో బ్యాండ్ వదిలేశాడు.

ఆ ఆల్బమ్ ఇంగ్లండ్‌లో నంబర్ వన్ అయింది. విమర్శకులు ఉతికి ఆరేశారు. ప్రోగ్ రాక్, అంటే ఇలాంటి పొడవాటి చిక్కు రాక్, ఒళ్లు బలిసిన సంగీతం అని చెప్పడానికి తర్వాత పంక్ వాళ్లు (పొట్టిగా, మొరటుగా వాయించే రాక్ వాళ్లు) చూపించిన ఉదాహరణల్లో ఇదొకటి. నా మాట అడిగితే, ఇందులో రెండు గొప్ప సైడ్లున్నాయి. మొదటిదీ నాలుగోదీ. మొదటి సైడులో ఆండర్సన్ ఊపిరి తీసుకోకుండా జపంలా పాడుకుంటూ వచ్చేది, నాలుగో సైడులో స్క్వయర్ బేస్ పాడేది, ఆ తర్వాత గిటార్లు పక్కన పడేసి అందరూ డ్రమ్స్ మీద విరుచుకుపడేది, దాని తర్వాత చెవుల్లో దుమ్ము అణిగాక మెల్లగా 'మేం సూర్యుడి వాళ్లం' అని ఫ్రెంచిలో వచ్చే ముగింపు. మూడోదాని చివర హౌ వాయించే అకూస్టిక్ గిటార్ బంగారం, కానీ అందాకా వెళ్లడం కష్టం. రెండోది వర్షం పడే సాయంత్రం కిటికీ పక్కన కూర్చుంటే బాగుంటుంది, మిగతా రోజుల్లో నిద్రొస్తుంది. నాలుగు సైడ్లూ ఒకే బిగిన విన్నవాళ్లలో సగం మంది జన్మలో మళ్లీ దాని జోలికి పోరు. ఒక్కో రోజు ఒక్కో సైడు వినండి. ఎల్పీ కాలంలో జనం విన్నదీ అలాగే.

'టేల్స్' మీద వచ్చిన తిట్లకి జవాబులా ఉంటుంది 1974లో వచ్చిన 'రిలేయర్'. అంత తిట్టాక కూడా వీళ్లు ఇంకో 22 నిమిషాల పాట రాశారంటే మొండితనమే. వేక్‌మన్ చోట్లోకి ముందు వాంగెలిస్‌ని అనుకున్నారు, కుదరలేదు. స్విట్జర్లండ్ నుంచి పాట్రిక్ మోరాజ్ వచ్చాడు. స్క్వయర్ ఇంట్లోనే రికార్డు చేశారు. హౌ తన గిబ్సన్ పక్కన పెట్టి టెలికాస్టర్ పట్టుకున్నాడు. గుండ్రంగా ఉండే గిటార్ శబ్దం గాజు పెంకులా అయింది. మొదటి సైడు 'ది గేట్స్ ఆఫ్ డెలీరియమ్', టాల్‌స్టాయ్ 'యుద్ధము-శాంతి' నుంచి పుట్టిన ఆలోచన. మాటల్లో యుద్ధానికి సిద్ధమవుతారు, తర్వాత మాటలు ఆగిపోయి యుద్ధమే వస్తుంది. ఆ యుద్ధంలో వినపడే లోహపు కూలుడు ఏ వాద్యమా అనుకుంటే, వైట్, ఆండర్సన్ కలిసి పాత కార్ల గోదాంలోంచి ఏరుకొచ్చిన ఇనుప సామాను. వేలాడదీసి కొట్టి, తోసి పడేశారు. మొదటిసారి హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు మా ఆవిడ వంటింట్లో ఏదో పడేసిందనుకుని వెళ్లి చూశాను. పదహారో నిమిషం దగ్గర ఆ శబ్దాలన్నీ పల్చబడి, వాటి వెనక నుంచి స్టీల్ గిటార్ ఒక్కటే తేలుతుంది, తర్వాత 'సూన్' అన్న భాగంలో ఆండర్సన్ గొంతు. ఆ భాగాన్ని విడిగా సింగిల్‌గానూ వేశారు. విడిగా వింటే అదొక మంచి పాట. పదహారు నిమిషాల దెబ్బల తర్వాత వింటే వేరు.

రెండో సైడు మీద నేను 'రిలేయర్' వాళ్లతో పోట్లాడతాను. 'సౌండ్ చేజర్' వాయించేవాళ్లకి ఇష్టం, వినేవాళ్లకి పరీక్ష. ఈ సైడు వల్లే రిలేయర్ నా లిస్టులో రెండో మెట్టు. కాదనేవాళ్ల కారణాలు నాకు తెలుసు, జవాబులు రాసి రాసి వేళ్లు నొప్పెట్టాయి.

ఎవరూ పెద్దగా కొట్టుకోనిది, కొట్టుకోవాల్సినది 1977 నాటి 'గోయింగ్ ఫర్ ది వన్'. వేక్‌మన్ తిరిగొచ్చాడు. స్విట్జర్లండ్‌లో మాంట్రోలో రికార్డింగ్. పంక్ ఇంగ్లండ్‌ని ఊపేస్తున్న సంవత్సరంలో ఇది అక్కడ నంబర్ వన్ అయింది. దీని రెండో సైడు తీసుకోండి. ముందు 'వండరస్ స్టోరీస్', నాలుగు నిమిషాల లోపు చిన్న పాట, వాళ్ల దేశంలో వాళ్ల పెద్ద హిట్టుల్లో ఒకటి. దాని వెనకే 'అవేకెన్', పదిహేను నిమిషాలు. మళ్లీ చర్చి ఆర్గనే. కానీ ఈసారి వేక్‌మన్ పక్క ఊరు వెవే చర్చిలో కూర్చున్నాడు, మిగతా వాళ్లు మాంట్రో స్టూడియోలో ఉన్నారు, మధ్యలో టెలిఫోన్ లైన్లు. ఒక ఊళ్లో ఆర్గన్ మోగుతుంటే ఇంకో ఊళ్లో వింటూ వాయించారు. నడి మధ్యలో బ్యాండ్ మొత్తం ఊరుకుంటుంది, ఆండర్సన్ హార్ప్, చిన్న గంటలు, కీబోర్డు మెల్లగా తిరుగుతుంటాయి. గుళ్లో హారతికి ముందు తెర వేసి ఉన్నప్పటి నిశ్శబ్దం అది. తర్వాత ఆర్గన్. ఆండర్సన్‌కి తమ పాటల్లో దీని మీదే మక్కువ ఎక్కువ. ఒక్కోసారి నేను కూడా అటే మొగ్గుతాను, ముఖ్యంగా రాత్రి పదకొండు దాటితే.

అంటే నా సైడ్ల లెక్క ఇలా తేలుతుంది: ముందు 'క్లోజ్ టు ది ఎడ్జ్' మొదటి పక్క, దాని వెనక 'గేట్స్', 'అవేకెన్' ఉన్న పక్క, 'ఫ్రాజైల్' రెండో పక్క, తర్వాత 'టేల్స్' నాలుగోది. ఈ లెక్క మోసం అనేవాళ్లున్నారు. 'ఫ్రాజైల్'ని పక్కలుగా కోస్తే చిన్న ముక్కలూ పెద్ద ముక్కలూ కలిసి ఇచ్చే రుచి పోతుందని ఒకాయన నాతో వారం రోజులు వాదించాడు. అది నిజమే, ఒప్పుకున్నాను. 'ది యెస్ ఆల్బమ్' కూడా ఈ తక్కెడలో తేలిపోతుంది, అది మంచి పాటల సంచి. కానీ మీరు అడిగింది జనం ఎందుకు కొట్టుకుంటున్నారని. కారణం ఇది.

1978 నాటి 'టోర్మాటో' గురించి మాట్లాడను, కవర్ మీదే చితికిన టమాటా ఉంటుంది. 1980 'డ్రామా'కి ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ లేరు, బగుల్స్ నుంచి ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ వచ్చారు. ఆండర్సన్ లేని యెస్ ఏంటని పాతవాళ్లు మొహం తిప్పుకున్నారు. తప్పు చేశారు. 'మెషీన్ మెసయా' మొదటి నిమిషం వినండి, ఇంత బరువుగా వీళ్లు ఎప్పుడూ వాయించలేదు.

'90125' (1983) యెస్సే కాదు అనేవాళ్ల వాదనలో కొంత నిజముంది. స్క్వయర్, వైట్, టోనీ కే, దక్షిణాఫ్రికా గిటారిస్టు ట్రెవర్ రాబిన్ కలిసి 'సినిమా' అనే పేరుతో వేరే బ్యాండ్ పెట్టారు. పని చాలావరకు అయ్యాక ఆండర్సన్ వచ్చి పాడాడు, దాంతో పేరు మళ్లీ యెస్ అయింది. 'ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్' 1984 జనవరిలో అమెరికాలో నంబర్ వన్, వాళ్లకి అక్కడ అలాంటిది అదొక్కటే. పదేళ్ల పాటు నేను కూడా 'ఇది యెస్ కాదు' వర్గంలోనే ఉన్నాను. తర్వాత మా అబ్బాయి కారులో అదే పాటకి స్టీరింగ్ మీద దరువేస్తుంటే తిట్టడానికి నోరు రాలేదు. మంచి ఆల్బమే. కాకపోతే దాన్ని మెచ్చుకోవాలంటే ఇరవై నిమిషాల సైడ్ల సంగతి పక్కన పెట్టాలి. అందులో అన్నీ పాటలే.

వినే వరస: 'ఫ్రాజైల్' అయింది కాబట్టి వెనక్కి వెళ్లి 'ది యెస్ ఆల్బమ్', తర్వాత 'క్లోజ్ టు ది ఎడ్జ్' ఒక వారం. వారం అంటే నిజంగా వారమే, రోజుకోసారి. తర్వాత 'గోయింగ్ ఫర్ ది వన్', ఆ తర్వాత 'రిలేయర్'. 'టేల్స్' చివర్లో, రోజుకో సైడు. మధ్యలో లైవ్ కావాలంటే 1973 నాటి 'యెస్‌సాంగ్స్', మూడు ఎల్పీలు, శబ్దం కొంచెం బురదగా ఉంటుంది గానీ 'స్టార్‌షిప్ ట్రూపర్' చివరి భాగం స్టూడియోలో కన్నా దాంట్లోనే బతికుంది.

ఏ ఎడిషన్ అని కూడా అడిగారు. 2013 నుంచి స్టీవెన్ విల్సన్ పాత టేపుల్లోంచి మళ్లీ మిక్స్ చేసినవి వచ్చాయి. ముందు అవి వినండి, బేస్ శుభ్రంగా విడిగా వినిపిస్తుంది. పాత మిక్సే అసలుదని పట్టుబట్టేవాళ్లు మీకు తగులుతారు, వాళ్లది కూడా తప్పు కాదు, రెండోసారికి అవి వినండి. స్ట్రీమింగ్‌లో అయితే షఫుల్, ఆటోప్లే రెండూ ఆపేయండి. 'క్లోజ్ టు ది ఎడ్జ్' మొదటి పాట అయిపోగానే పాజ్ కొట్టి లేచి, మంచినీళ్లు తాగి, తర్వాత రెండోది పెట్టండి. నా క్యాసెట్ చేసిన తప్పు మీ ఫోన్ చేయకూడదు.